నల్లచెక్క గీత

ఉప్పళం బాస్కెట్‌బాల్ హాల్లో నేల తుడిచేటప్పుడు కనకం వెనక్కి నడుస్తుంది. ముందుకు నడిస్తే తుడిచిన చోటే పాదం పడుతుంది. పాదం పడ్డచోట చెమట అంటుతుంది. ఆ చెమట మీద ఏ పిల్లో కాలుజారి మోకాలు పగలగొట్టుకుంటుంది. గట్టిగా పిండిన గుడ్డే వాడాలి, అది కూడా చెక్క నార వెంబడే లాగాలి. బకెట్టు మాత్రం గుమ్మం బయటే ఉండాలి. ఈ పద్ధతులు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పద్దెనిమిదేళ్ళుగా వంగిన నడుమే నేర్పింది.

పొద్దున ఆరు కొట్టేసరికి గుడ్డ ఆరేసి, కొంగు బొడ్లో దోపి, ఈల మెడలో వేసుకుని అదే కనకం పదహారు మంది ఆడపిల్లలకు ఆట చెబుతుంది. రిజిస్టరులో ఆమె పేరు ఎదుట స్వీపరు అని ఉంది. ఈల ఊదమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. ఆరేళ్ళ కిందట కోచ్ మానేస్తే, గేటు దగ్గర నిలబడ్డ నలుగురు పిల్లల్ని వెనక్కి పంపడానికి మనసొప్పక తనే మొదలుపెట్టింది.

ఆ నలుగురిలో ఒకతె అభినయ. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. హాలు చరిత్ర పుస్తకంగా వెయ్యాలని కమిటీ సెక్రటరీ నరేంద్రన్‌కు బుద్ధి పుట్టి, ఆ రాతపని ఈ పిల్లకు అప్పజెప్పాడు. గురువారం పొద్దున ప్రాక్టీసు అయి పిల్లలు వెళ్ళిపోయాక అభినయ గోడవారగా కూర్చుని, తమిళంలో రాసుకున్నదాన్ని కనకానికి తెలుగులో చెప్పసాగింది.

"ఇది మొదట్లో శెనక్కాయల గోదామంట అత్తా. నరేంద్రన్ సార్ వాళ్ళ తాతది. ఎనభై ఎనిమిదిలో ఆయన దీన్ని ఆటకని ఇచ్చేసినాడు. చెక్క నేల అప్పుడే ఏసినారు."

"మూటలు పోయినా హాలంతా శెనక్కాయ వాసన వచ్చేది. మేం ఆడుతుంటే ఆకలేసేది," అంది కనకం.

"తుపానుకు రేకులు లేచిపోయిన సంగతి రాసినా. మీ తరం ఆడోళ్ళ టీం గురించి కూడా రాసినా. సార్ చెప్పినట్టు రాసినా." అభినయ కాస్త తడబడింది. "తొంభై రెండులో మద్రాసు ఫైనల్లో డి. కనకం చివరి క్షణంలో రెండు ఫ్రీ త్రోలు పోగొట్టినందున ఒక్క పాయింటుతో ఓడినారు. అట్టా చెప్పినాడు. తీసేస్తానంటే ఒప్పుకోలా. చరిత్రంటే చరిత్రే అంటాడు."

రెండు బాల్ కనకం అన్న పేరు ఉప్పళంలో ఆమెకు ముప్పై మూడేళ్ళ నుంచీ ఉంది. ఫ్రీ త్రో అంటే, ఎదుటి జట్టు ఫౌల్ చేసినప్పుడు దెబ్బతిన్న ఆటగత్తెను గీత మీద నిలబెట్టి, ఎవరూ అడ్డురాకుండా రెండు బంతులు వెయ్యమంటారు. పదిహేను అడుగుల నుంచి వెయ్యాలి. అంతకంటే తేలికైన బంతి ఆ ఆటలో లేదు. ఆ రెండూ ఆమె పోగొట్టింది. ఆ రోజు చూడ్డానికి వచ్చిన సెలెక్టర్లు కాగితాలు సర్దుకుని లేచి వెళ్ళారు. ఆ దెబ్బతో చేతికి రావాల్సిన స్పోర్ట్స్ కోటా ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయినా పేరు మాత్రం పోలేదు. ఊళ్ళో ఎవరి చేతిలోనుంచి ఏది జారినా ఆ పేరే పలికేవారు. కనకం కూడా నవ్వేసేది. నవ్వినంత మాత్రాన మండకుండా ఉంటుందా?

ఇప్పుడు ఆ వాక్యం అచ్చులోకి ఎక్కితే పోయేది పరువొక్కటే కాదు. ఆదివారం కమిటీ కూర్చుంటోంది. ఆడపిల్లల బ్యాచికి కోచ్‌ను ఖాయం చేస్తారు. గోరిమేడు నుంచి పిల్లల్ని తెచ్చి ఆడించే కేశవ్ వైపే నరేంద్రన్ మొగ్గు. కేశవ్ సాయంత్రం తప్ప రాలేడు. పదహారు మందిలో పది మందికి సాయంత్రం ఇంట్లో చెల్లెళ్ళో తమ్ముళ్ళో ఉంటారు, అమ్మలు పనుల నుంచి వచ్చేదాకా వాళ్ళను వీళ్ళే చూసుకోవాలి. ఈ సంగతి కనకం నరేంద్రన్‌కు చెప్పి చూసింది. "సరైన టైములో చెయ్యి వణికిన మనిషి పిల్లలకు ఏం నేర్పిస్తాది కనకం? నువ్వే చెప్పు," అన్నాడతను. అతను చెడ్డవాడేం కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

అభినయ లేచి టేపు తీసింది. "పుస్తకంలో హాలు కొలతలు కూడా పెట్టాలంట. పట్టుకో అత్తా."

హాలు పొడవు, వెడల్పు, రింగు ఎత్తు రాసుకున్నారు. హాలు ఉండాల్సిన దానికన్నా పొట్టి. అందుకే ఇక్కడ ఎన్నడూ పెద్ద పోటీలు జరగలేదు, ఏ రెఫరీ వచ్చి టేపు పట్టలేదు. చివరికి ఫ్రీ త్రో గీత మిగిలింది. దాన్ని రింగు వెనకున్న బోర్డు ముఖం నుంచి కొలవాలి. కనకం నిచ్చెనెక్కి, దారానికి ఒక నట్టు కట్టి బోర్డు అంచు నుంచి కిందకు వదిలింది. నట్టు ఊగి ఊగి నిలబడ్డ చోట అభినయ సుద్దతో చుక్క పెట్టింది. ఆ చుక్క నుంచి, నేలలో పొదిగిన నల్లచెక్క గీత దాకా టేపు లాగింది.

"పదిహేను అడుగుల ఎనిమిది అంగుళాలు," అని తనే చదివి తనే తల అడ్డంగా ఊపింది. "కాదు కాదు. టేపు ఎక్కడో మడత పడుంటాది."

మళ్ళీ కొలిచారు. నట్టును మళ్ళీ వదిలారు. ఎదురుగా ఉన్న రెండో రింగు కిందా కొలిచారు. అక్కడా అంతే వచ్చింది.

కనకం నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయింది. అరచెయ్యి నేలకేసి చాపి బొటనవేలు నుంచి చిటికెనవేలి దాకా చూసుకుంది. ఎక్కువున్న ఆ ఎనిమిది అంగుళాలూ సరిగ్గా జానెడు. పద్నాలుగో ఏట నుంచి పద్దెనిమిదో ఏట దాకా రోజూ వంద బంతులు జానెడు ఎక్కువ దూరం నుంచి వేసిన చేతులవి. ఉప్పళం పిల్లలు బయట ఊళ్ళకు పోతే బంతులు రింగు వెనక అంచుకు తగిలేవి. ఉప్పళం చేతులు బరువు అని కోచ్‌లు అనేవారు. మద్రాసులో ఆ రెండు బంతులూ వెనక అంచుకే తగిలాయి.

"అత్తా, తప్పు నీది కాదు. గీతది," అంది అభినయ. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆదివారం నేనే చెప్తా. పుస్తకంలో కూడా రాస్తా."

కనకానికి మొదట వచ్చింది సంతోషం కాదు. ఒళ్ళంతా మండే కోపం వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆ రోజు ఆమె తుడిచిన నేలనే మళ్ళీ తుడిచింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె బస్సెక్కి ముదలియార్‌పేటలో దిగింది. ఆ నేల వేసిన వడ్రంగి ఆదిమూలం కొన్నేళ్ళుగా అక్కడ కూతురింట్లో ఉంటున్నాడు. అంతకుముందు ఉప్పళంలో కనకం వాళ్ళ వీధిలోనే ఉండేవాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి అరుగు మీద కూర్చుని అప్పడాల కర్రను చిత్రిక పడుతున్నాడు. రెండు సార్లు చిత్రిక లాగి, కర్రను కంటికి ఎదురుగా పట్టి చూసి, మళ్ళీ లాగుతున్నాడు.

"రా పాపా. యాడ నుంచి, హాలు నుంచేనా?"

"హాలు నుంచే పెదనాయనా. గీత కొలిచినాం."

చిత్రిక ఆగిపోయింది. ఆయన కర్ర మీది చెక్కపొట్టును బొటనవేలితో దులిపి దాన్ని పక్కన పెట్టాడు.

"జానెడు ఎక్కువ," అన్నాడు.

కనకం అరుగు అంచున కూర్చుంది. "నీకు తెలుసా?"

"తెలుసు. మేము ఏది కొలిచినా గోడ నుంచే కొలస్తాం పాపా. గోడకు బోర్డు నాలుగు అడుగుల ముందుకు వస్తాది అన్నారు. పదిహేనుకు నాలుగు కలిపి పంతొమ్మిదికి గీత గీసినా. పెయింటు ఏస్తే రెండేళ్ళకు చెరిగిపోతాదని, నా చెయ్యి ఆడ ఉండిపోవాలని, నల్లచెక్క చీరి పలకల మధ్య పొదిగినా. రెండు వారాలు పట్టింది. అంతా అయినాక వెల్డింగు షాపు నుంచి బోర్డును మోసే ఇనప బ్రాకెట్లు వచ్చె. చూస్తే రెండూ ఎనిమిది అంగుళాలు పొట్టి. బోర్డు అంత మేర గోడవైపు వెనక్కి పాయె."

"మార్చొచ్చు గదా."

"పెయింటు అయితే తుడిచేసుందును. పొదిగిన చెక్క తియ్యాలంటే నేలంతా లేపల్ల. మర్నాడే ఓపెనింగు. మంత్రి వస్తాడంట, పందిరి కూడా ఏసేసినారు. పెద్దయ్యకు చెప్పినా, నరేంద్రన్ తాతకు. జానెడుకు ఎవడు కొలస్తాడు ఆదిమూలం, నోరు మూసుకో అన్నాడు. మూసుకున్నా." ఆయన కర్రను మళ్ళీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు మద్రాసు నుంచి వచ్చినరోజు మీ అమ్మ వాకిట్లో ఏడస్తా ఉండె. బంతి యాడ తగిలిందని అడిగితే వెనకాల అంచుకని నువ్వు చెప్పినట్టు ఆమె అనె. నాకు అప్పుడే తెలిసిపాయె."

"పిల్లకాయలు రెండు బాల్ కనకం అని కూస్తుంటే నువ్వు ఆ వీధిలోనే ఉంటివి గదా పెదనాయనా. ఒక్క మాట చెప్పలా."

"చెప్పలా. భయం. ఆదిమూలం నేల తప్పు అంటే తర్వాత నాకు తలుపు చెయ్యమని కూడా ఎవరూ ఇవ్వరని భయం. ముప్పై మూడేళ్ళు మింగలేక కక్కలేక ఉండా."

కనకానికి ఆయన్ని తిట్టాలని ఉంది. తిట్లు నోటి దాకా వచ్చాయి కూడా. కానీ ఆమె అరుగు మీద రాలిన చెక్కపొట్టును చేత్తో ఒకచోటకు ఊడ్చింది. ఆయనే అడిగాడు. "ఆదివారం నేను వచ్చి చెప్పాల్నా?"

"చెప్పు," అంది కనకం. "వాళ్ళు నా మాట నమ్మరు. నీ నోటితో నువ్వే చెప్పు."

తిరుగు బస్సులో ఆమె మనసు తేలికపడింది. కమిటీ ముందు తాను ఏం చెప్పాలో మాటలు కూడా పేర్చుకుంది. గీత తప్పు, నాది కాదు. ముప్పై మూడేళ్ళు నన్ను ఊరికే ఎగతాళి చేసినారు. ఆ మాటలు లోలోపల అనుకుంటుంటేనే ఎంతో తియ్యగా ఉన్నాయి. ఉప్పళంలో దిగేదాకా అవే అనుకుంటూ వచ్చింది.

శనివారం ప్రాక్టీసులో ఆమె నల్లచెక్కకు జానెడు ముందు సుద్దతో కొత్త గీత గీసింది. ఎందుకని పిల్లలు అడిగితే, చూద్దాం ఉండండి అంది. వరుసలో ముందున్నది ఆర్తి. పన్నెండేళ్ళది, మాట తక్కువ. సుద్ద గీత మీద నిలబడి రోజూ వేసినట్టే వేసింది. బంతి రింగు వెనక అంచుకు తగిలి ఎగిరి కనకం వైపే వచ్చింది. మద్రాసులో ఎగిరినట్టే ఎగిరింది.

కనకం ఏమీ చెప్పకుండా బంతిని పిల్లకు తిరిగి ఇచ్చింది. ఆర్తి రింగును ఒకసారి చూసింది. మోకాళ్ళు ఎప్పటికన్నా కొంచెం తక్కువ వంచింది. బంతి నెట్ మధ్యలోంచి జారి కింద పడింది.

"తక్కువ ఏసినావే. నీకు ఎవరు చెప్పినారు?" అని అడిగింది కనకం.

"ఎవరూ చెప్పలా అత్తా." పిల్లకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "మొదటిది వెనక్కి కొట్టింది గదా. అందుకే కొంజం తగ్గించినా."

మిగతా పిల్లలు తమ వంతు కోసం తోసుకుంటున్నారు. కనకం ఈల ఊది ప్రాక్టీసు అరగంట ముందే ఆపేసింది. అట్లా ఆమె ఎన్నడూ చెయ్యలేదు. పిల్లలు పోయాక ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుంది. మొదటిది వెనక్కి కొట్టింది గదా. పన్నెండేళ్ళ పిల్ల ఎంత తేలిగ్గా అనేసింది. నిన్న బస్సులో పేర్చుకున్న మాటలు ఇప్పుడు నోటికి చేదుగా తగిలాయి. ఎందుకొచ్చిన గొడవ, ఆదిమూలం చెప్పేది చెబుతాడు, నేను నోరు మూసుకుంటే సరిపోతుంది అనుకుంది. ఆ అనుకున్నది ఆదిమూలంతో పెద్దయ్య అన్న మాటలాగే ఉందని గుర్తొచ్చి సిగ్గుపడింది.

ఆదివారం పదింటికి కమిటీ హాల్లోనే కూర్చుంది. కుర్చీకాళ్ళు నేలను గీయకుండా కనకం ముందే జంపఖానా పరిచింది. నరేంద్రన్ మధ్యలో, అటూ ఇటూ నలుగురు మెంబర్లు, చివర కేశవ్ కూర్చున్నారు. అభినయ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. ఆదిమూలాన్ని కూతురు ఆటోలో దింపి వెళ్ళింది. కనకం నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

ముందు అభినయ కొలతలు చదివింది. తర్వాత ఆదిమూలం చేతికర్ర ఊతంగా పెట్టుకుని లేచి, ముదలియార్‌పేట అరుగు మీద చెప్పిందంతా చెప్పాడు. నరేంద్రన్ తాత అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారి ఆగాడు. మళ్ళీ దాన్ని ఉన్నది ఉన్నట్టే చెప్పేసి కూర్చున్నాడు.

నరేంద్రన్ ముఖం ఎర్రబడింది. "మా తాత పోయి ఇరవై ఏళ్ళయింది. వచ్చి అవునో కాదో చెప్పలేడు గదా. గోదాం ఊరికే ఇచ్చిన మనిషిని ఇప్పుడు దొంగను చేస్తారా?" అన్నాడు. కుర్చీ ముందుకు జరుపుకుని మళ్ళీ అన్నాడు. "సరి. గీత జానెడు ఎక్కువే అనుకుందాం. ఆ గీత మీద నేర్చుకున్నోళ్ళు నూరు మంది ఉండారు. వాళ్ళంతా బయట బంతులు ఏసినారు గదా. ఒక్క కనకం చేతులే ఎందుకు వణికినాయి?"

అభినయ సమాధానం చెప్పబోయింది. కనకం చెయ్యెత్తి ఆపింది.

"చెయ్యి వణకలా నరేంద్రన్ అన్నా," అంది. "వణికుంటే బంతి తక్కువ పోయి లోపల పడుండేది."

మెంబర్లలో ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు.

"నేను రోజూ ఏసినట్టే ఏసినా. మొదటిది వెనకాల తగిలింది. అది ఈ గీత చేసిన తప్పే. దాన్ని నా నెత్తిన పెట్టొద్దు, నేను మొయ్యను." ఆమె గొంతు ఇంతసేపూ నిలకడగానే ఉంది, ఇప్పుడు కొంచెం తగ్గింది. "రెండోది నాది. మొదటి బంతి యాడ తగిలిందో నా కళ్ళారా చూసినా. చూసి కూడా రెండోదాన్ని అచ్చం అట్టనే ఏసినా. నా గీత తప్పుంటాదని నాకు తోచనే లేదు. ఆ రింగే తప్పు అనుకున్నా. ముప్పై మూడేళ్ళు కూడా అట్టనే అనుకుంటా ఉండా. నిన్న ఈ నేల మీదనే ఒక పిల్ల మొదటి బంతి చూసి రెండోదాన్ని దిద్దుకునింది. అప్పుడు నాకు తెలిసె."

పైన రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"పిల్లలకు అదే చెప్పాలని ఉండాది. మొదటిది పోతే ఏడవబాకండి, అది యాడ తగిలిందో చూడండి అని. అట్టా చూడక పోగొట్టుకున్నదాన్ని, నాకు తెలిసినట్టు ఇంకొకరికి తెల్దు. ఇంతే నేను చెప్పాల్సింది."

కేశవ్ కుర్చీలో ముందుకు వంగాడు. "రెండేళ్ళుగా నేను కూడా మా గోరిమేడు పిల్లల్ని తెచ్చి ఈడ ఆడిస్తుండా సార్. ఒక్కనాడు కొలవలా," అన్నాడు.

నరేంద్రన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. కనకం రెండు బంతుల తప్పూ ఇతరుల మీదకు తోసుంటే అతను సాయంత్రం దాకా వాదించేవాడే. అందుకు సిద్ధపడే వచ్చాడు. సగం తప్పు తనదని ఒప్పుకున్న మనిషితో ఏం వాదించాలో అతనికి తెలియలేదు.

"తిలా పాపం తలా పిడికెడు అంటారు," అన్నాడు చివరికి. "అభినయా, ఆ వాక్యం కొట్టేయి. కొట్టేసి మొత్తం రాయి. బ్రాకెట్టు పొట్టిగా వచ్చింది రాయి. ఆదిమూలం చెప్పినాడని రాయి." ఒక్క క్షణం తటపటాయించాడు. "మా తాత వద్దన్నాడు అని కూడా రాయి. ఆయన పిడికెడు ఆయనదే."

ఆదిమూలం తువాలుతో ముఖం కప్పుకున్నాడు.

"కోచ్ సంగతి?" అని ఒక మెంబరు అడిగాడు.

"పొద్దున బ్యాచి పొద్దునే ఉంటాది. రిజిస్టరులో కోచ్ డి. కనకం అని రాసుకోండి," అన్నాడు నరేంద్రన్. అప్పుడు గమనించాడు, ఆమె ఇంకా నిలబడే ఉందని. లేచి తన పక్క కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కూర్చో కనకం. ఇంకా చానా ఐటెంలు ఉండాయి."

కనకం కూర్చుంది. ఆమెకు ఏడుపొచ్చింది. దాన్ని ఎవరూ చూడకూడదని కూడా అనిపించలేదు. కొంగుతో తుడుచుకుని, మిగతా ఐటెంలన్నీ చివరిదాకా విన్నది.

మీటింగు అయ్యాక ఆదిమూలం సుద్దదారం పట్టాడు. ఒక కొస అభినయ పట్టుకుంది. ఆయన దారాన్ని లాగి వదిలితే నేల మీద తిన్నగా గీత పడింది. బోర్డు ముఖం నుంచి మూడుసార్లు కొలిచి చూసుకున్నాడు. దాని మీద అభినయ తెల్ల పెయింటు వేసింది. నల్లచెక్కను పీకేద్దామని ఆదిమూలం అంటే కనకం వద్దంది. మంచి పనితనం పెదనాయనా, ఉండనీ అంది.

సోమవారం ఆరు గంటలకు పదహారు మంది తెల్లగీత వెనక బారు తీరారు. ఒక్కొక్కరూ ఒక్కో బంతి వేశారు. ఆర్తిది తప్ప అన్ని బంతులూ రింగు వెనక అంచుకు తగిలి ఎగిరిపడ్డాయి. ఒక పిల్ల పెదవి కొరుక్కుంది, ఇంకో పిల్ల తన చేతుల్ని తనే చూసుకుంది. కనకం ఎవరినీ ఏమీ అనలేదు. నేల మీద దొర్లుతున్న బంతుల్ని ఏరి తెచ్చి, వరుసగా ఒక్కొక్కరి చేతికీ ఇచ్చింది.

"యాడ తగిలిందో చూసినారు గదా," అంది. "సరి. ఇప్పుడు రెండోది ఏయండి."